శ్రావణంలో బిగుసుకుపోయే వీధి తలుపు: చిత్రిక పట్టే ముందు చూడాల్సినవి

వైశాఖంలో వేలితో తోస్తే తెరుచుకున్న కొత్త తలుపు, శ్రావణం వచ్చేసరికి భుజం ఆనిస్తే గాని కదలదు. కోనసీమలో వీధి తలుపు మార్చిన ఇళ్లలో ఎక్కువగా వినిపించే బాధ ఇదే. వడ్రంగిని పిలిచే ముందు కాసేపు తలుపు దగ్గర నిలబడి చూడండి. లోపం రెక్కలో ఉందా, ద్వారబంధంలో ఉందా, బందుల్లో (తలుపు తిరిగే కీళ్లలో) ఉందా అన్నది తేలాకే ఉలి పట్టాలి.

తలుపు వానాకాలంలోనే పట్టేస్తోంది

కారణం: చెక్క తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, పొడవు మాత్రం దాదాపు మారదు. మన దగ్గర చుట్టూ కాలవలు, నీళ్లు నిలిచిన చేలు, కొబ్బరితోటల నీడ. వాన వెలిసినా గాలి ఆరదు. పైగా రెక్కకు ముందూ వెనకా పాలిష్ కొట్టి, పై అంచు, కింది అంచు పచ్చి చెక్కగా వదిలేస్తారు. నిలువు చెక్కల కొసలు తేలేది అక్కడే, తేమను అన్నిటికంటే వేగంగా లాగేదీ ఆ కొసలే. తాళం కోసం తవ్విన గాడి సంగతీ అంతే.

పరిష్కారం: వెంటనే చిత్రిక పట్టించకండి. నేను ఆ పొరపాటు చేశాను. శ్రావణంలో విసుగొచ్చి 4 మిల్లీమీటర్లు తీయించేశాను. సంక్రాంతికి చెక్క ఆరి ముడుచుకునేసరికి సందులోంచి వీధి లైటు కనబడింది. చివరికి అంచుకు చెక్క బద్ద అతికించాల్సి వచ్చింది. రెక్క అంచుకు సుద్దముక్క రుద్ది తలుపు మూసి తెరవండి. ద్వారబంధం మీద సుద్ద అంటిన చోటే తగులుతోందన్నమాట. గుర్తు పెట్టుకుని మాఘం దాకా ఆగండి. అప్పటికీ తగులుతుంటే, రూపాయి బిళ్లలు రెండు జతచేసి పట్టేంత, అంటే సుమారు 3 మిల్లీమీటర్ల సందు వచ్చేలా తీయించండి. తర్వాత రెక్కను ఊడదీసి పై అంచుకీ కింది అంచుకీ రెండు కోట్లు ప్రైమర్, ఆపైన రంగు వేయించండి. వడ్రంగి "అది ఎవరికి కనబడుతుందండీ" అంటాడు. వేయించండి.

ఆగే వీలు లేకపోతే తాళం వైపు ఒక్క మిల్లీమీటరు తీసి, అదే రోజు ఆ అంచుకు రంగు వేయండి.

ఇంకా తలుపు కొనలేదా? టేకైనా ఆరినదో కాదో అడగండి, తేమ 12 శాతం చుట్టుపక్కల ఉంటే మంచిది. ఇంటికి తెచ్చాక రెండు వారాలు నీడలో, చెక్క ముక్కల మీద పడుకోబెట్టండి, రెండు వైపులా గాలి తగలాలి. గోడకు చేరేస్తే వంగుతుంది. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గదిలో పెడితే గోడ తేమంతా తలుపు తాగుతుంది.

తాళం వైపు పై మూల గుద్దుకుంటోంది, కింద గడపకు రాసుకుంటోంది

ఇది ఉబ్బడం కాదు, వాలడం. పై బందు స్క్రూలు వదులై ఉంటాయి. రెక్కను తాళం వైపు పట్టుకుని పైకి ఎత్తి చూడండి, పై బందు కదిలితే సంగతి తేలినట్టే. పాత స్క్రూ తీసి, కన్నంలో టేకు పుల్లలు ఫెవికాల్‌తో దట్టించి, ఆరాక పొడుగు స్క్రూ బిగించండి. బరువైన సింహద్వారానికి మూడు బందులు తప్పనిసరి, నాలుగైతే ఇంకా మంచిది.

తలుపు దానంతటదే తెరుచుకుంటోంది లేదా మూసుకుంటోంది

ద్వారబంధం నిలువులో లేదు. ముహూర్తానికి నిలబెట్టడం వేరు, బిగించడం వేరు. పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టే హడావిడిలో బంధం జరుగుతుంది, మేస్త్రీ అలాగే గోడ కట్టేస్తాడు. పూజ అయ్యాక దారానికి కట్టిన తూకపు గుండు వేలాడదీసి ముందు నుంచీ పక్క నుంచీ చూడాలి, గడప మీద రసమట్టం పెట్టాలి, ఎదురెదురు మూలల మధ్య రెండు ఏటవాలు కొలతలూ సమానంగా ఉన్నాయో లేదో టేపుతో చూడాలి. మర్నాడు మళ్లీ చూడాలి. గోడ కట్టేశాక కొద్దిపాటి తేడా అయితే బందు వెనక సన్నని అట్టముక్క పెట్టి సర్దవచ్చు. ఎక్కువైతే బంధం విప్పక తప్పదు.

వాన జల్లుకు నీళ్లు లోపలికి వస్తున్నాయి

అరుగు వాలు ఇంటివైపు ఉందేమో నీళ్లు పోసి చూడండి. వాలు వీధివైపే ఉండాలి. రెక్క కింద బయటివైపు ఏటవాలు చెక్క బద్ద ఒకటి బిగిస్తే కారిన నీరు గడపకు దూరంగా పడుతుంది. బద్ద అడుగున సన్నని గాడి తీయించండి, లేకపోతే నీరు చెక్కను పట్టుకుని వెనక్కి పాకుతుంది.

బంధం అడుగు మెత్తబడింది, మట్టి గీతలు కనబడుతున్నాయి

చెదలు. గోడలో దాగే ముఖానికి, నేలను తాకే కొసలకు తారు గాని మందు గాని పూయకుండా నిలబెట్టి ఉంటారు. స్క్రూడ్రైవర్‌తో పొడిచి గట్టి చెక్క వచ్చేదాకా కోసేసి, మందు పట్టించి, కొత్త ముక్క అతికించాలి. శుక్రవారం గడప కడిగి పసుపు రాయడం మానక్కర్లేదు, కడిగాక మూలల్లో నిలిచిన తడి పొడిగుడ్డతో తుడవండి.

బందులు తుప్పు పడుతున్నాయి

అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి మామూలు ఇనుము నిలవదు. ఇత్తడి గాని, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు గాని తీసుకోండి. స్క్రూలు కూడా అదే లోహానివి అడిగి తెచ్చుకోండి.