మద్దెల నిజంగానే ఓడైతే: పిల్లల ఎయిర్ రైఫిల్ శిక్షణలో సమస్యలు, పరిష్కారాలు

ఆడలేక మద్దెల ఓడు అన్నాడట. షూటింగ్ రేంజిలో పిల్లలు "తుపాకీ బాలేదు సార్" అన్నప్పుడల్లా కోచ్‌లు ఈ సామెతే విసురుతుంటారు. నేనూ విసిరినవాణ్ణే. పన్నెండు మంది బడిపిల్లలతో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ శిక్షణ మొదలుపెట్టిన ఏడాది, వచ్చిన ఫిర్యాదులన్నీ ఒక పుస్తకంలో రాసిపెట్టాను. ఏడాది చివర తిరగేస్తే చాలావాటిలో తప్పు మద్దెలదే. ఆ పుస్తకంలో ఉన్నవే ఇవి, పిల్లల మాటల్లోనే.

"చెయ్యి లాగేస్తోంది సార్"

మొదటి పది షాట్లు బాగుంటాయి. ఇరవైకి వచ్చేసరికి నడుం విల్లులా వంగుతుంది, గొట్టం కొన కిందికి జారుతుంది, గుర్తులన్నీ టార్గెట్ కింది సగంలో పడతాయి. చూసినవాళ్లు "పిల్లాడికి బలం చాల్లేదు, దండాలు తీయించండి" అంటారు.

నిలబడి కాల్చేటప్పుడు నడుం కాస్త వెనక్కి వంగడం తప్పు కాదు. బరువు కండరం మీద కాకుండా ఎముక మీద నిలవాలంటే వంగాల్సిందే. కుడిచేతివాటం వాళ్లకి ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీద ఆనాలి, తుపాకీ ఆ మోచేతి స్తంభం మీద కూర్చోవాలి. పదకొండేళ్ల పిల్లకి చెయ్యి పొట్టి. మోచెయ్యి తుంటికి ఆనిస్తే తుపాకీ గడ్డం కిందే ఆగిపోతుంది. కంటి ఎత్తుకి లేపితే మోచెయ్యి గాల్లో తేలుతుంది. అప్పుడు బరువంతా భుజమే మోస్తుంది.

ఆ బరువు కూడా తక్కువేం కాదు. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నిబంధన ప్రకారం రైఫిల్ 5.5 కిలోల దాకా ఉండవచ్చు. పెద్దవాళ్ల మ్యాచ్ రైఫిళ్లు, అంటే పోటీల కోసమే చేసినవి, మామూలుగా 4 నుంచి 5 కిలోలు తూగుతాయి. అమెరికాలో బడిపిల్లల స్పోర్టర్ (తేలికపాటి రైఫిళ్ల విభాగం) పోటీల్లో గరిష్ఠమే 7.5 పౌండ్లు, అంటే దాదాపు 3.4 కిలోలు. మొదటి తుపాకీ ఆ చుట్టుపక్కల బరువుంటే చాలు.

ముందుగా బ్యారెల్ (గొట్టం) మీద, స్టాక్ (పట్టుకుని భుజానికి ఆనించే భాగం) మీద ఉన్న అదనపు బరువులన్నీ విప్పేయండి. తర్వాత బట్ (భుజానికి ఆనే వెనక భాగం) పొడవు చూడండి. బట్ ప్లేటుని పిల్ల మోచేతి మడతలో ఆనించి, చెయ్యి ముందుకి పెట్టించండి. చూపుడువేలి కొస ట్రిగ్గర్‌ని సుఖంగా అందుకోవాలి. అందకపోతే బట్‌లోని స్పేసర్లు (పొడవు పెంచే పలకలు) తీసి కురచ చేయాలి. మూడోది, ముందు చెయ్యి ఆనే చోట ఫోర్‌ఎండ్ కింద రైజర్ దిమ్మె బిగించడం. మోచెయ్యి తుంటిని వీడకుండానే తుపాకీ కంటి దాకా లేస్తుంది. మాకు ఎక్కువ తేడా తెచ్చింది ఈ దిమ్మే. ఇవన్నీ చేసినా మొయ్యలేని చిన్నపిల్లలకి మొదటి రెండు మూడు నెలలు స్టాండు మీద ఆనించే కాల్పించండి. అందులో నామోషీ ఏమీ లేదు. చూపు, ఊపిరి, ట్రిగ్గర్ నేర్చుకోవడానికి అదే మేలు.

షూటింగ్ జాకెట్ (ఒళ్లు కదలకుండా పట్టే మందపాటి కోటు) సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తుపాకీ కొలతలు కుదరకముందే బిరుసు జాకెట్ తొడిగితే తప్పు నిలుపు కూడా కదలకుండా బిగుసుకుంటుంది, లోపం మన కంటికి కనబడదు. పైగా పిల్లలు ఏడాదిలో దాన్ని దాటి పెరిగిపోతారు.

"మెడ నొప్పి సార్, ఒక కన్ను మూసుకుంటే గానీ కనబడట్లేదు"

ఇక్కడ రెండు వేరు వేరు జబ్బులు కలిసి ఉండవచ్చు. తల పక్కకి ఒరిగి చెంప స్టాక్ మీద పడిపోతుంటే చీక్ పీస్ (స్టాక్ మీద చెంప ఆనే భాగం) పల్లంగా ఉందని అర్థం. దాన్ని లేపండి. చాలకపోతే పీప్ సైట్ (కంటి దగ్గరుండే, చిన్న కన్నమున్న వెనక సైట్) కిందా, ముందు సైట్ కిందా ఒకే ఎత్తు దిమ్మెలు వేసి సైట్లనే పైకి తేవాలి. తల నిటారుగా ఉండాలి. కంటి దగ్గరికి తుపాకీని తేవాలి గానీ తుపాకీ దగ్గరికి కంటిని తీసుకుపోకూడదు.

రెండో జబ్బు కన్ను. మా దగ్గర ఏడో తరగతి పాప ఒకతి ఆరు వారాలపాటు షాట్లు ఎటుపడితే అటు కొట్టింది. ఆమె కుడిచేతివాటం, పెత్తనం మాత్రం ఎడమ కంటిది, అంటే మెదడు ఎక్కువగా నమ్మేది ఆ కంటినే. పరీక్ష చాలా తేలిక. రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న కన్నం చేసి, అందులోంచి గోడ గడియారం చూడమనండి. అలాగే ఒక్కో కన్నూ మూయించండి. ఏ కన్ను మూస్తే గడియారం మాయమైందో పెత్తనం ఆ కంటిది. ఇది మొదటిరోజే చేయాల్సిన పరీక్ష, ఆరు వారాల తర్వాత కాదు.

కొత్తగా వచ్చిన పిల్లయితే మొహమాటపడకుండా ఎడమ భుజానికి మార్చండి. అందుకే రెండు చేతులకీ పనికొచ్చే స్టాక్ ఉన్న క్లబ్ మోడళ్లు కొనమంటాను. మారడం వీలుకాకపోతే గురిపెట్టని కంటి ముందు పొగమంచు రంగు బ్లైండర్ (చూపుని మరుగుచేసే చిన్న పలక) పెట్టాలి. దాని వెడల్పు 30 మిల్లీమీటర్లు దాటకూడదు. కన్ను గట్టిగా మూయించకండి. ఒకటి బిగిస్తే రెండోది కూడా అలసిపోతుంది.

"నల్ల చుక్క కనబడుతుంది, మాయమవుతుంది"

పిల్ల ఇరవై సెకన్లు గురిపెట్టే ఉంటుంది, కాల్చదు. చివరికి చెయ్యి వణికి ట్రిగ్గర్ లాగేస్తుంది. మేం దీన్ని భయం అనుకునేవాళ్లం. చూస్తే ముందు సైట్‌లోని రింగు మరీ చిన్నది.

టార్గెట్‌లో నల్ల భాగం 30.5 మిల్లీమీటర్లు, పదో రింగు అర మిల్లీమీటరు చుక్క. పదో రింగు ఎవరికీ కనబడదు. నల్ల గుండ్రం చుట్టూ తెల్లటి వలయం సమానంగా ఉండేలా చూసుకోవడమే గురి. రింగు బిగుతుగా ఉంటే ఆ తెలుపు కనబడదు, కన్ను దాన్ని వెతుకుతూనే ఉంటుంది. ఎవరో పతకం కొట్టినవాళ్లు 3.6 మిల్లీమీటర్ల రింగు వాడతారని విని పిల్లలకీ అదే వేస్తారు కొందరు. పిల్లలకి 4.2తో మొదలుపెట్టండి, కావాలంటే ఇంకా పెద్దది వేయండి. రింగు మార్చిన రోజే గురి సమయం తగ్గడం మీరే చూస్తారు.

వెలుతురు కూడా చూసుకోండి. స్కూలు హాల్లో ట్యూబులైట్లు పిల్లల నెత్తిన ఉంటాయి, టార్గెట్ చీకట్లో ఉంటుంది. ఉండాల్సింది దానికి తిరగేసి. టార్గెట్ మీద కనీసం 1500 లక్స్ పడాలి.

"ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ పడుతోంది"

తప్పు పిల్లదా, తుపాకీదా తేల్చడానికి ఒకటే దారి. అనుభవమున్నవాళ్లు తుపాకీని ఇసక సంచి మీద ఆనించి ఐదు షాట్లు కొట్టాలి. మంచి మ్యాచ్ రైఫిల్ 10 మీటర్లలో ఐదింటినీ దాదాపు ఒకే రంధ్రంలో పెడుతుంది. పెడితే తుపాకీని వదిలేసి పిల్ల నిలుపు చూడండి. పెట్టకపోతే వరసగా పీప్ సైట్ బిగింపు, స్టాక్ మరలు, ఆ తర్వాత పెల్లెట్లు (తుపాకీలో పెట్టే చిన్న గుళ్లు) చూడాలి. పెల్లెట్ తల 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్ల కొలతల్లో దొరుకుతుంది. ఒక్కో బ్యారెల్‌కి ఒక్కోటి నప్పుతుంది. కింద పడిన పెల్లెట్‌ని తుడిచి మళ్లీ పెట్టే పొదుపు మాత్రం వద్దు, దాని అంచు నలిగి ఉంటుంది.

నిన్న వందకి 90 కొట్టిన పిల్ల ఇవాళ 70 కొట్టిందంటే మధ్యలో ఆ తుపాకీ ఇంకొకరి చేతిలోకి వెళ్లి ఉంటుంది. ఒక పిల్ల సైట్ క్లిక్కులు (సైట్ మరని తిప్పి కుదిర్చిన మెట్లు) ఇంకో పిల్లకి పనికిరావు. ప్రతి పిల్లకీ ఒక కాగితం పెట్టండి. బట్ పొడవు, చీక్ పీస్ ఎత్తు, క్లిక్కులు అందులో రాయాలి. స్టాక్ మీద రంగు టేపు గీతలు పెట్టుకుంటే రెండు నిమిషాల్లో మారిపోతుంది.

"కాలిస్తే తుపాకీ ఎగురుతోంది"

అది స్ప్రింగు తుపాకీ. బజార్లో చవగ్గా దొరికేవి, బ్యారెల్‌ని కీలు దగ్గర విరిచి (కిందికి వంచి) ఎక్కించేవి. లోపల పిస్టన్ ముందుకి దూకుతుంది, పెల్లెట్ బ్యారెల్ దాటకముందే తుపాకీ కదిలిపోతుంది. గట్టిగా పట్టుకుంటే ఇంకా చెదురుతుంది, వదులుగా పట్టాలి. మ్యాచ్ రైఫిల్‌కి ఈ పట్టు అలవాటు పనికిరాదు. అన్నిటికంటే నా భయం వేళ్ల గురించి. విరిచిన బ్యారెల్ జారి మూసుకుంటే పిల్ల వేలు నలిగిపోతుంది. స్కూల్ గేమ్స్‌లో ఓపెన్ సైట్ (పీప్ లేని మామూలు సైట్ల) విభాగం ఉంది కాబట్టి ఇవి పూర్తిగా పోవు. పెద్దపిల్లలకి, పక్కన ఒకరు నిలబడితేనే ఇవ్వండి.

పిల్లలకి నప్పేది ముందే గాలి నింపిన సిలిండర్ ఉన్న పీసీపీ రైఫిల్. ఎక్కించడానికి బలం అక్కర్లేదు, అదురు ఉండదు. గాలి లేకుండా ట్రిగ్గర్ సాధన కూడా చేయించవచ్చు. ఇక్కడి తయారీ అయిన ప్రెసిహోల్ దగ్గర్నుంచి వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, అన్షుట్జ్ దాకా ఉన్నాయి. తల్లిదండ్రులు వచ్చి "గగన్ నారంగ్ వాడినలాంటిది కొనాలండీ" అంటారు. మన హైదరాబాద్ కుర్రాడు 2012 లండన్‌లో ఈ ఆటలోనే కాంస్యం తెచ్చాడు కదా, ఆశపడటం సహజం. ఆ స్థాయి తుపాకీ ఒకటి కొనే డబ్బుతో క్లబ్ మోడళ్లు రెండో మూడో కొని, తుపాకీ కోసం పిల్లలు కాచుకునే వరస తగ్గించమని వాళ్లకి చెబుతాను.

"రాత్రి నింపాం, పొద్దునకి గాలి లేదు"

సిలిండర్‌ని తుపాకీ నుంచి విప్పి ఒక రాత్రి పక్కన పెట్టండి. గాలి నిలిస్తే కారుతున్నది తుపాకీలోని ఓ-రింగు (గాలి పోకుండా ఆపే రబ్బరు వలయం). నిలవకపోతే సిలిండర్ వాల్వు. రెండో దాన్ని మీరు విప్పకండి, లోపల 200 బార్ ఒత్తిడి ఉంటుంది. ఓ-రింగు మార్చడం కూడా గాలి పూర్తిగా తీసేశాకే. నింపేది ఎప్పుడూ పొడిగాలే. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల చేతిపంపుతో కొడితే తేమ కూడా లోపలికి పోతుంది. తేమ పట్టే ఫిల్టర్ ఉన్న పంపు తీసుకోండి, లేదా స్కూబా సిలిండర్ నుంచి నింపించండి. ఆక్సిజన్ మాత్రం ఎప్పుడూ వద్దు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కి గ్రీజు తగిలితే పేలుతుంది.

పాత తుపాకీ చవగ్గా వస్తోందంటే ముందు సిలిండర్ మీద తేదీ చదవండి. వాటికి మామూలుగా పదేళ్ల గడువు. గడువు తీరినదాన్ని పోటీలో పరికరాల తనిఖీ దగ్గరే ఆపేయవచ్చు.

"ఈ నెల పెల్లెట్లు అయిపోయాయి సార్"

దీనికి కారణం లెక్క వేయకపోవడమే. పన్నెండు మంది, రోజుకి 40 షాట్లు, వారానికి మూడు రోజులంటే 1440 పెల్లెట్లు. 500ల డబ్బాలు వారానికి దాదాపు మూడు. తుపాకుల బడ్జెట్‌లోనే ఏడాది పెల్లెట్లు, గాలి నింపే ఖర్చు, పెట్టెలు రాసుకోండి. ముగ్గురు పిల్లలకి ఒక తుపాకీ సరిపోతుంది, అన్నీ ఒకే మోడల్ అయితే విడిభాగాలు ఒకదానివి ఒకదానికి వస్తాయి.

పెల్లెట్లంటే సీసం. పిల్లలు చేతులు ఖాళీ లేక నోట్లో పెట్టుకుంటారు. చూసిన క్షణమే ఆపించండి. రేంజి నుంచి వెళ్లేటప్పుడు సబ్బుతో చేతులు కడిగించండి, లోపల తిండి తిననివ్వకండి. కాల్చని సమయంలో ప్రతి బ్యారెల్‌లోనూ రంగు సేఫ్టీ ఫ్లాగు (గొట్టం ఖాళీ అని చూపే ప్లాస్టిక్ తీగ) ఉండాలి.

"బస్సులో తుపాకీ ఏంటని ఆపారు"

2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ రైఫిల్ శక్తి ఏడెనిమిది జౌళ్లే. ఆ మాట బస్సు కండక్టరుకి తెలియదు, తెలియాలనీ లేదు. తుపాకీ ఎప్పుడూ తాళం వేసిన పెట్టెలోనే పోవాలి. పెట్టెలో బిల్లు నకలు, అసోసియేషన్ సభ్యత్వ కార్డు, స్కూలు లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం ఉంచండి. పిల్లని ఒంటరిగా తుపాకీతో పంపకండి. మా పిల్లల తుపాకులు రేంజిలోని ఇనప బీరువా దాటి బయటికి వెళ్లేది పోటీల రోజునే, అదీ నా చేతిలో.