టెస్ట్ రైడ్‌లో రెండో గేర్ చిట్కా

650 సీసీ స్పోర్ట్స్ బైకులు కాగితం మీద అన్నీ ఒకేలాగ కనిపిస్తాయి, తీరా కొన్నాక ఎచ్చెర్ల దగ్గర హైవే మీద లారీని ఓవర్‌టేక్ చెయ్యబోతే ఇది లాగట్లేదేటి అనిపిస్తాది. అందుకే షోరూంకి వెళ్లేముందు పవర్ ఎంతో కాదు, టార్క్, అంటే ఇంజిన్ లాగుడు బలం, ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర పూర్తిగా వస్తాదో చూడండి. కవాసాకి నింజా 650 రెండు సిలిండర్లది, 64 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు, టార్క్ కొలత) 6,700 దగ్గరే ఇచ్చేస్తాది. హోండా కొత్త సీబీఆర్ 650ఆర్ నాలుగు సిలిండర్లది, 63 ఎన్ఎం, ఇంచుమించు అంతే కానీ అది 9,500 దగ్గర. మూడు సిలిండర్ల ట్రయంఫ్ డేటోనా 660 మధ్యలో, 8,250.

ఇంక టెస్ట్ రైడ్‌లో ఇంజిన్ వేడెక్కాక, ఖాళీ రోడ్డు చూసుకుని రెండో గేర్‌లో 4,000 దగ్గర నిలకడగా పెట్టి, క్లచ్ ముట్టుకోకుండా యాక్సిలరేటర్ సగం తిప్పి 8,000 దాకా పోనివ్వండి, చూసిన ప్రతి బండికీ ఇలాగే చెయ్యండి. 5,000 నుంచే నడుముకి లాగుడు తెలిస్తే టౌన్‌లోకి, ఎస్.కోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కడానికి అదే హాయి, గేర్లు అస్తమానం మార్చక్కర్లేదు. 7,000 దాటాకే ఊపందుకుంటే మాత్రం ఓవర్‌టేక్‌కి ముందే రెండు గేర్లు దించుకోవాలి. ఆ నాలుగు సిలిండర్ల సౌండ్ కోసం కొనేవాళ్లని ఎవరాపగలరు లెండి.

మోడ్లు ఉన్న బండైతే రెయిన్ మోడ్‌లో (వానలో జారకుండా పవర్ నెమ్మదిగా ఇచ్చే సెట్టింగ్) ఉందేమో ముందే చూసుకోండి, అందులో యాక్సిలరేటర్ మెత్తబడిపోయి మంచి బండి కూడా నీరసంగా అనిపిస్తాది.