పైథాన్ షెల్‌లో టికింటర్ విడ్జెట్లను ప్రయోగించి చూడటం ఎలా?

టికింటర్ అంటే పైథాన్‌లో విండోలు తయారుచేసే లైబ్రరీ. బటన్, లేబుల్ లాంటి విండో భాగాలే విడ్జెట్లు. షెల్ అంటే కొట్టిన లైనును వెంటనే నడిపే చోటు. బటన్ రంగు మార్చి చూడాలన్నా, అక్షరాల సైజు పెంచి చూడాలన్నా ప్రతిసారీ ఫైలు సేవ్ చేసి రన్ చేయడం దండగ పని. షెల్‌లో ఒక్క లైను కొడితే చాలు, విండో తెరిచి ఉండగానే ఆ మార్పు కనిపిస్తుంది.

పైథాన్ 3 ఉంటే సరిపోతుంది. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు టికింటర్, ఐడిల్ (పైథాన్ కోడ్ రాసి నడిపే ప్రోగ్రాము) ఉన్న టిక్కు తీసేయకండి. ఉబుంటులో పైథాన్3-టీకే, ఐడిల్ ప్యాకేజీలు విడిగా వేసుకోవాలి. టెర్మినల్‌లో పైథాన్ -ఎం టికింటర్ అని కొడితే వెర్షన్ నంబరుతో చిన్న విండో రావాలి. ఇక్కడ తెలుగులో రాసిన ఆజ్ఞలన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

ఇప్పుడు ఐడిల్ తెరవండి. జూపిటర్ లాంటి నోట్‌బుక్ వద్దు. విడ్జెట్ల ప్రయోగాలకు ఐడిలే సరైన చోటు, కారణం కింద ఉంది. ఈ నాలుగు లైన్లు కొట్టండి:

ఇంపోర్ట్ టికింటర్ యాజ్ టీకే
ఆర్ = టీకే.టీకే()
బి = టీకే.బటన్(ఆర్, టెక్స్ట్="ఓకే")
బి.ప్యాక్()

రెండో లైనులో చుక్క తర్వాతి టీకేకి మొదటి అక్షరం పెద్దది. చివరి రెండు లైన్లను ఒకటిగా కలిపేయకండి. ప్యాక్ తిరిగిచ్చేది నన్ (ఏమీ లేదని చెప్పే విలువ) కాబట్టి బి కూడా నన్ అయిపోతుంది. బటన్ తెరమీద కనిపిస్తూనే ఉంటుంది గానీ దాన్ని పట్టుకోవడానికి పేరుండదు.

ఇక బి["టెక్స్ట్"]="సేవ్" అనండి, పేరు వెంటనే మారుతుంది. ఏమేం మార్చొచ్చో బి.కీస్() చెబుతుంది. బి.ఇన్వోక్() మౌస్ లేకుండానే బటన్ నొక్కుతుంది. మ్యాక్‌లో మామూలు బటన్ వెనక రంగు మారదు, అక్కడ రంగులు లేబుల్ మీద చూసుకోండి.

ఎక్కువమంది పాడు చేసుకునేది మెయిన్‌లూప్ దగ్గరే. విండో తనను తాను గీసుకోవాలన్నా, క్లిక్కులు అందుకోవాలన్నా ఈవెంట్ లూప్ తిరుగుతూ ఉండాలి. ఫైలులో రాసిన ప్రోగ్రాముకు ఆ పని ఆర్.మెయిన్‌లూప్() చేస్తుంది. ఐడిల్ షెల్‌లో మాత్రం సెకనుకు సుమారు 20 సార్లు ఐడిలే ఆ పని చూసుకుంటుంది. ఏదో పాఠంలో చూశామని షెల్‌లో మెయిన్‌లూప్ కొట్టారో, విండో మూసేదాకా ప్రాంప్ట్ (తర్వాతి లైను కొట్టే >>> గుర్తు) తిరిగి రాదు. మూశాక ప్రయోగించడానికి విడ్జెట్ మిగలదు. ఐడిల్ కాకుండా మామూలు టెర్మినల్ షెల్ వాడితే విండో కనిపించకపోవచ్చు. అప్పుడు ఆర్.అప్‌డేట్() కొట్టండి, మార్పు చేసిన ప్రతిసారీ కొట్టండి. అక్కడ కూడా మెయిన్‌లూప్ జోలికి పోవద్దు.

షెల్‌లో బాగా పనిచేసిన లైన్లను ఫైలులోకి ఎక్కించేటప్పుడు దీనికి సరిగ్గా వ్యతిరేకం. చివర మెయిన్‌లూప్ లేకపోతే డబుల్ క్లిక్ చేయగానే విండో ఇలా వచ్చి అలా పోతుంది. ఎఫ్5 నొక్కి పరీక్షిస్తే ఈ తప్పు బయటపడదు, ఐడిల్ దాన్ని కప్పేస్తుంది. అందుకే తుది పరీక్ష టెర్మినల్ నుంచే చేయాలి. ఇప్పటికే ఉన్న ప్రోగ్రాముతో ఆడుకోవాలంటే దాని మెయిన్‌లూప్ లైను ముందు # పెట్టి ఎఫ్5 నొక్కండి. విండో తెరిచే ఉంటుంది, ప్రాంప్ట్ కూడా వస్తుంది. పని అయ్యాక ఆ # తీయడం మరవకండి.

టైమ్.స్లీప్(5) కొట్టినా, ఆగని వైల్ లూప్ పెట్టినా విండో బిగుసుకుపోయేది కూడా ఈ కారణంతోనే. మీ కోడ్ నడుస్తున్నంతసేపూ ఈవెంట్లను పట్టించుకునేవాళ్లుండరు. ఆగి చేయాల్సిన పనికి ఆర్.ఆఫ్టర్(1000, పని) వాడండి. అంటే 1000 మిల్లీసెకన్ల తర్వాత పని అనే మీ ఫంక్షన్ నడుస్తుంది. ఫంక్షన్ పేరు పక్కన బ్రాకెట్లు పెట్టకూడదు. పెడితే అది అప్పటికప్పుడే నడిచి, ఆఫ్టర్‌కు నన్ అందుతుంది. దాంతో ఆ సెకను సేపూ విండో స్తంభిస్తుంది. బటన్‌లో కమాండ్=పని() అని రాసినా ఇదే గొడవ. బటన్ తయారవుతున్నప్పుడే పని జరిగిపోతుంది, తర్వాత ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు.

అమరికకు గ్రిడ్ నేర్చుకోండి, ప్యాక్ ఒక్క బటన్ చూడటానికే. ఒకే ఫ్రేములో రెండూ కలిపితే టికింటర్ వెనక ఉండే టీకే, వెర్షన్ 8.6 నుంచి, ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది. అంతకుముందు వెర్షన్లలో రెండూ ఒకదాని అమరిక ఒకటి చెరుపుతూ ప్రోగ్రామ్ అక్కడే వేలాడేది. మీ బటన్‌ను గ్రిడ్‌కు మార్చాలంటే ముందు బి.ప్యాక్_ఫర్గెట్() కొట్టి, ఆ తర్వాత బి.గ్రిడ్() కొట్టండి.

రెండో విండో కావాలంటే టీకే.టాప్‌లెవెల్() వాడాలి, మళ్లీ టీకే.టీకే() కాదు. రెండు మూల విండోలుంటే, ఏ విండోదో చెప్పకుండా సృష్టించిన స్ట్రింగ్‌వార్ (విడ్జెట్‌లో చూపే అక్షరాలను దాచే చరరాశి) మొదటిదానికే అతుక్కుంటుంది. దాన్ని వాడిన, రెండో దాంట్లోని ఎంట్రీ (అక్షరాలు కొట్టే పెట్టె) ఖాళీగానే ఉంటుంది.

మూల విండోను మూసేశాక కూడా బి అనే పేరు షెల్‌లో ఉంటుంది, కానీ వాడితే ఇన్వాలిడ్ కమాండ్ నేమ్ అని ఎర్రర్ వస్తుంది. దాన్ని బతికించే ప్రయత్నం చేయకండి. కంట్రోల్+ఎఫ్6తో షెల్‌ను రీస్టార్ట్ చేసి, విండోస్‌లో, లినక్స్‌లో అయితే ఆల్ట్+పితో పాత లైన్లను ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చుకుని ఎంటర్ కొట్టండి.