పురపాలక కార్యాలయంలో ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు చిక్కులు: సమస్య – పరిష్కారం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని కావలి, చీమకుర్తి వంటి పట్టణాల పురపాలక కార్యాలయాల్లో కంప్యూటర్ల బాధ్యత చూసే సిబ్బంది కోసం ఈ వివరాలు రాస్తున్నాను. మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌లోని వర్డ్ లేదా ఎక్సెల్ తెరపై ‘లైసెన్సు లేదు’ అన్న ఎర్ర పట్టీ కనిపించగానే కొత్త కొనుగోలుకు నోట్ ఫైలు పెట్టడం చాలాచోట్ల జరుగుతుంది. ఆ పట్టీ వెనుక ఉన్న కారణాల్లో గడువు తీరడం ఒకటి మాత్రమే. కాబట్టి ముందుగా ఫైల్ మెనూలోని అకౌంట్ పేజీ తెరిచి, అది ఏ ఉత్పత్తి, ఎవరి ఖాతాతో నడుస్తోంది, ఏటా చెల్లించే చందాయా లేక ఒకేసారి కొన్న లైసెన్సా అన్న మూడు విషయాలు కాగితం మీద రాసుకోవాలి. ఇవి తేలకుండా చేసే ఖర్చు ప్రజాధనాన్ని వృథా చేయడమే.

కొత్త కంప్యూటరులో కొన్నాళ్లు పనిచేసి, తర్వాత ఎర్ర పట్టీ రావడం

కొత్త యంత్రాలతో పాటు తయారీదారులు చందా పద్ధతిలో నడిచే ఆఫీస్ అయిన మైక్రోసాఫ్ట్ 365 ప్రయోగాత్మక ప్రతిని ముందే ఎక్కించి పంపడం మామూలే. దానిని తీసేయకుండా కార్యాలయం కొన్న ఆఫీస్‌ను పైన ఎక్కిస్తే రెండు లైసెన్సులు ఒకే యంత్రంలో నిలిచి ఉంటాయి. ప్రయోగ గడువు ముగిసిన రోజున, అసలు లైసెన్సు సక్రమంగా ఉన్నప్పటికీ హెచ్చరిక మొదలవుతుంది. ఆఫీస్ ఫోల్డరులో లైసెన్సుల స్థితిని చూపే ఓఎస్‌పీపీ (ospp.vbs) స్క్రిప్టును కమాండ్ ప్రాంప్ట్‌లో ‘డీస్టేటస్’ (/dstatus) అన్న ఆదేశంతో నడిపితే యంత్రంలో ఉన్న ప్రతి లైసెన్సు పేరు, స్థితి, కీ (లైసెన్సు కోడు) చివరి ఐదు అక్షరాలు కనిపిస్తాయి. వాటిని కొనుగోలు పత్రాలతో సరిచూసి, ప్రయోగ ప్రతికి చెందిన కీని తొలగించి, ఆ ప్రతిని కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసేయాలి. ఆ తర్వాత యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెడితే సాధారణంగా సమస్య తీరిపోతుంది.

కరెంటు పోయి వచ్చిన తర్వాత యాక్టివేషన్ (లైసెన్సు ధ్రువీకరణ) విఫలం కావడం

తెర మూలన ఉన్న తేదీ చూడండి. మదర్‌బోర్డు మీది నాణెమంత బ్యాటరీ అయిపోతే గడియారం ఏళ్ల కిందటి తేదీకి వెళ్లిపోతుంది. అప్పుడు వెబ్‌సైట్లు కూడా భద్రతా హెచ్చరికలు చూపిస్తాయి. బ్యాటరీ మార్చి, తేదీని ఇంటర్నెట్ సమయంతో కలిపితే చాలు.

ప్రధాన కార్యాలయంలో బాగానే ఉండి, వార్డు సచివాలయాల్లో మాత్రమే ఆగిపోవడం

ఇది సాధారణంగా కేఎంఎస్ పద్ధతిలో తీసుకున్న సామూహిక లైసెన్సుల విషయంలో కనిపిస్తుంది. ఈ పద్ధతిలో కార్యాలయంలోని ఒక సర్వరు మిగిలిన యంత్రాలను ధ్రువీకరిస్తుంది. ఆ ధ్రువీకరణ 180 రోజులు చెల్లుతుంది, ప్రతి 7 రోజులకు యంత్రం దానిని కొత్తది చేసుకోవడానికి ప్రయత్నిస్తుంది. సచివాలయంలోని యంత్రం ప్రధాన కార్యాలయ నెట్‌వర్కులోకి ఎప్పుడూ రాకపోతే ఆరు నెలలకు ఆగిపోవడం సహజం. ఆఫీస్ కోసం కనీసం 5 యంత్రాలు సర్వరును సంప్రదించాలి గనుక, కంప్యూటర్లు మరీ తక్కువ ఉన్న చిన్న నగర పంచాయతీకి ఈ పద్ధతి నప్పదు. బయట ఉండే యంత్రాలకు ఎంఏకే కీ (నిర్ణీత సంఖ్యలో యంత్రాలను నేరుగా మైక్రోసాఫ్ట్ వద్ద ధ్రువీకరించే కీ) వాడటం మేలు. అయితే యంత్రాన్ని ఫార్మాట్ చేసి మళ్లీ ఎక్కించిన ప్రతిసారీ ఆ కీ పరిమితిలో ఒక లెక్క తగ్గిపోవచ్చు కాబట్టి, పరిమితి నిండితే కొత్తది కొనకుండా సంఖ్య పెంచమని మైక్రోసాఫ్ట్ కంపెనీని కోరాలి.

చందా ముగిసింది, కానీ పునరుద్ధరించే ఖాతా ఎవరిదో తెలియకపోవడం

అన్నిటికంటే బరువైన సమస్య ఇదే. కొనుగోలు చేసిన రోజుల్లో ఉన్న ఉద్యోగి తన సొంత మెయిల్‌తోనో, పొరుగు సేవల ఆపరేటరు ఫోన్ నంబరుతోనో ఖాతా తెరుస్తారు. బదిలీ వచ్చి ఆయన వెళ్లిపోయాక పాస్‌వర్డు అడిగేవారికి ఓటీపీ అందదు. మైక్రోసాఫ్ట్ 365 వ్యాపార చందాల్లో గడువు తీరాక సాధారణంగా 30 రోజులు వాడకం కొనసాగుతుంది. ఆ తర్వాతి 90 రోజులు నిర్వాహకులు మాత్రమే సమాచారాన్ని అందుకోగలరు, ఉద్యోగుల వర్డ్, ఎక్సెల్‌లలో ఫైళ్లు చదువుకోవడం, ప్రింటు తీయడం తప్ప దిద్దుబాట్లు సాగవు. అదీ దాటితే మెయిళ్లు, ఆన్‌లైన్ ఫైళ్లు తుడిచిపెట్టుకుపోతాయి. పన్ను డిమాండు జాబితాలు, కౌన్సిల్ తీర్మానాల ప్రతులు అక్కడే ఉంటే నష్టం పట్టణ ప్రజలది.

కాబట్టి పాత ఉద్యోగిని మర్యాదగా సంప్రదించి, ఆయన సహకారంతో నిర్వాహక హోదాను కార్యాలయ ఖాతాకు మార్చుకోవడం మొదటి మార్గం. అది కుదరకపోతే కంపెనీ సహాయ కేంద్రానికి ఫిర్యాదు చేసి, కార్యాలయ డొమైన్ (మెయిల్, వెబ్‌సైట్ చిరునామా) మన అధీనంలోనే ఉందని డీఎన్ఎస్ (డొమైన్ వివరాల పట్టిక) నమోదు ద్వారా నిరూపించాలి. ఇకపై కమిషనర్, మేనేజర్ హోదాల పేరిట రెండు నిర్వాహక ఖాతాలు ఉంచి, రిలీవ్ అయ్యేవారు బీరువా తాళాలతో పాటు వీటి వివరాలనూ ఛార్జి జాబితాలో అప్పగించేలా కమిషనర్ ఉత్తర్వు ఇవ్వడం అవసరం.

‘మద్దతు ముగిసింది’ అన్న సందేశం

దీనిని లైసెన్సు గడువుగా పొరబడవద్దు. ఆఫీస్ 2016, 2019 లకు 2025 అక్టోబరు 14న మద్దతు ముగిసింది. ఆఫీస్ 2021 కు 2026 అక్టోబరు 13 చివరి తేదీ. ప్రోగ్రాం పనిచేస్తూనే ఉంటుంది గానీ భద్రతా సవరణలు రావు. ఇంటర్నెట్టుకు, బయటి మెయిళ్లకు తగిలే యంత్రాలను ముందు మార్చి, మిగిలినవి తర్వాత చూసుకోవచ్చు.

బజారులో కొన్న కీ కొన్ని నెలలకే చెల్లకుండా పోవడం

అతి తక్కువ ధరకు దొరికే కీలు చాలావరకు వేరొకరి సామూహిక లైసెన్సు నుంచి బయటకు వచ్చినవి. కంపెనీ వాటిని నిలిపివేస్తే డబ్బు తిరిగి రాదు. ‘యాక్టివేటర్’ పేరుతో దొరికే ప్రోగ్రాములు ఇంకా ప్రమాదం. వాటి వెంట వైరస్‌లు వస్తాయి. పైగా దొంగ ప్రతి అని తెలిసి వాడటం కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 63బి కింద శిక్షార్హం. అలాంటిది ఉన్న యంత్రాన్ని నెట్‌వర్కు నుంచి విడదీసి, పూర్తిగా ఫార్మాట్ చేయించాలి. చొరబాటు జాడ కనిపిస్తే గుర్తించిన 6 గంటల్లోగా, సైబర్ భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలన్న 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు ప్రభుత్వ సంస్థలకూ వర్తిస్తాయి.

ప్రతి ఏటా మార్చిలో బిల్లు ఆగి, చందా తెగిపోవడం

చందా కొన్న తేదీ నుంచి ఏడాది లెక్కిస్తుంది, మన బడ్జెట్టు మార్చి 31తో ముగుస్తుంది. ఈ రెండూ ఢీకొన్నప్పుడే అంతరాయం వస్తుంది. వేర్వేరు సమయాల్లో కొన్నవాటి గడువులన్నిటినీ జూన్ వంటి ఒకే నెలకు చేర్చమని సరఫరాదారును కోరి, పరిపాలనా అనుమతికి ప్రతిపాదనను కనీసం మూడు నెలల ముందే కదపాలి. ప్రభుత్వ కొనుగోళ్ల వేదిక జెమ్ పోర్టల్‌లో కొన్నా, మరో మార్గంలో కొన్నా అమ్మేవారి దగ్గర కంపెనీ ఇచ్చిన అధీకృత పత్రం తప్పక తీసుకోవాలి.

కొనే లైసెన్సుల సంఖ్య విషయంలోనూ శ్రద్ధ అవసరం. తపాలు విభాగంలో ఉత్తరాలు, నోటీసులు టైపు చేసే యంత్రాలకు ఉచితమైన లిబ్రేఆఫీస్ సరిపోతుందని నా అభిప్రాయం. మాక్రోలతో (పనులను వాటంతట అవే చేసే ఆదేశాలతో) నడిచే అకౌంట్స్ పట్టికలు మాత్రం అందులో సరిగా పనిచేస్తాయో లేదో ముందు పరీక్షించాలి. ఎన్ని లైసెన్సులు కావాలన్న ఈ లెక్క పునరుద్ధరణకు ముందే తేలాలి. వార్షిక చందాలో లైసెన్సుల సంఖ్యను తగ్గించుకునే అవకాశం పునరుద్ధరణ జరిగిన తర్వాత మొదటి 7 రోజులే ఉంటుంది, ఆ తర్వాత వాడినా వాడకపోయినా ఏడాది మొత్తానికీ చెల్లించాల్సిందే.