నిమిషంలో హెచ్‌ఆర్‌వీ: అంకె తేడా కొడుతుంటే ఏం చూడాలి?

హెచ్‌ఆర్‌వీ అంటే గుండె స్పందనల మధ్య వ్యవధుల్లో వచ్చే తేడా; ఆటగాడు ఎంత కోలుకున్నాడో చూడటానికి దీన్ని కొలుస్తారు. జట్టులో ఇరవైమంది ఉంటే దీనికోసం పొద్దున్నే ఒక్కొక్కరికి ఐదేసి నిమిషాలు కేటాయించడం కుదిరే పని కాదు. 1996లో యూరప్, ఉత్తర అమెరికా నిపుణుల సంఘాలు పెట్టిన ప్రమాణం మాత్రం ఐదు నిమిషాలే. అయితే ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ (పక్కపక్క వ్యవధుల తేడాలతో లెక్కించే హెచ్‌ఆర్‌వీ అంకె) ఒక్కటే కావాలనుకుంటే, ఆటగాడు ఒక నిమిషం కుదురుకున్నాక తీసిన మరో నిమిషం రికార్డింగ్ సరిపోతుంది. ఎల్‌ఎఫ్/హెచ్‌ఎఫ్ నిష్పత్తిని (గుండె లయలోని నెమ్మది, వేగ హెచ్చుతగ్గుల నిష్పత్తి) మాత్రం అంత తక్కువ సమయంలో లెక్కగట్టకండి.

సమస్య: నిన్న 50 ఉన్న అంకె ఇవాళ 190కి ఎగిరింది

కారణం: చాలాసార్లు ఆటగాడు బాగా కోలుకోవడం కాదు, సెన్సార్ ఒక స్పందనను వదిలేయడం. నిమిషానికి 60సార్లు కొట్టుకునే గుండెలో రెండు స్పందనల మధ్య దాదాపు 1000 మిల్లీసెకన్లుంటాయి. ఒకటి తప్పిపోతే అది 2000 అవుతుంది. తేడాలను వర్గం చేసి లెక్కిస్తాం కాబట్టి ఆ ఒక్క తప్పే 50ని 190 దాటిస్తుంది. రికార్డింగ్ ఎంత చిన్నదైతే దెబ్బ అంత గట్టిగా తగులుతుంది.

పరిష్కారం: ఛాతీ పట్టీ ఎలక్ట్రోడ్లను నీళ్లతో తడపండి, పట్టీ బిగించండి, బ్యాటరీ చూడండి. అంకెను నమ్మే ముందు ఆర్-ఆర్ గ్రాఫ్ (ఒక్కో స్పందన మధ్య వ్యవధిని చూపే గీత) తెరవండి. నిటారుగా లేచిన గీత కనిపిస్తే మళ్లీ తీయండి. పట్టీ బాగానే ఉన్నా రోజూ అలాంటి గీతలొస్తుంటే అవి అదనపు స్పందనలు కావచ్చు. అప్పుడు యాప్ పక్కన పెట్టి జట్టు డాక్టర్‌తో ఈసీజీ తీయించాలి.

సమస్య: గ్రాఫ్ శుభ్రంగానే ఉంది, అంకె మాత్రం రోజుకోలా ఉంటోంది

ఒకరోజు పడుకుని, ఒకరోజు కూర్చుని, ఇంకోరోజు కాఫీ తాగి తీస్తున్నారేమో చూడండి. నిద్ర లేచి, బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, ఏమీ తాగకముందే, రోజూ ఒకే భంగిమలో తీయాలి. కావాలని నెమ్మదిగా ఊపిరి తీస్తే అంకె పెరుగుతుంది, మామూలుగా తీయమనండి.

సమస్య: వాచ్ ఒకటి చెబుతోంది, పట్టీ ఇంకొకటి

రెండూ కొలిచేది ఒకటే కాకపోవచ్చు. యాపిల్ వాచ్ చూపేది ఎస్‌డీఎన్‌ఎన్ (వ్యవధులన్నీ సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే అంకె), పట్టీ యాప్‌లు ఎక్కువగా ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ. ఒకే పరికరానికి కట్టుబడండి.

సమస్య: ఫామ్ బాగుంది, విశ్రాంతిలో గుండె వేగం 40కి దగ్గర, అయినా హెచ్‌ఆర్‌వీ తగ్గుతోంది

మారథాన్, సైక్లింగ్, రోయింగ్ వాళ్లలో ఇది కనిపిస్తుంది. గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి ప్రభావం మరీ ఎక్కువైనప్పుడు గుండె వేగం తక్కువగానే ఉంటుంది కానీ, స్పందనల మధ్య వ్యవధుల్లో తేడా కుదించుకుపోతుంది. దీన్ని అలసటగా పొరబడి కోచ్ ప్రాక్టీస్ తగ్గిస్తే ఆటగాడికి అన్యాయం జరిగినట్టే. ఇలాంటివాళ్లకు నిలబెట్టి తీయండి, గుండె వేగాన్నీ పక్కనే రాయండి.

సమస్య: ఇవాళ ఒక్కరోజే పడిపోయింది, ప్రాక్టీస్ ఆపాలా?

ఆపకండి. ఏడు రోజుల సగటు చూడండి. అది కూడా ఆ ఆటగాడి మామూలు స్థాయి కంటే కిందికి జారి, నిద్ర పట్టడం లేదనో ఒళ్లు నొప్పులనో అతనే చెబుతుంటే అప్పుడు భారం తగ్గించండి.