తాబేళ్ల నడకకు బయల్దేరే ముందు

జనవరి నుంచి మార్చి దాకా చెన్నై తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇక్కడి విద్యార్థుల బృందం 1988 నుంచి రాత్రిపూట ఒడ్డు వెంట నడుస్తూ వీటి లెక్క రాస్తోంది. ఈసారి నీలాంకరై–బీసెంట్ నగర్ నడకకు పేరిచ్చినవాళ్లు ముందు ఇవి చదవండి.

ఫోన్ టార్చీ, ఫ్లాష్ రెండూ ఆపేయాలి. ఒడ్డెక్కే తాబేలు మీద వెలుతురు పడితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోతుంది. తాబేలు కనబడితే ఉన్నచోటే కూర్చోండి, దాని ముందుకు మాత్రం పోవద్దు.

ఎక్కువసార్లు కనబడేది జాడే. ఆలివ్ రిడ్లీ జాడ సుమారు 70–80 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఎడమ, కుడి కాళ్ల గుర్తులు పక్కపక్కన కాకుండా ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. ఎక్కిన జాడ, దిగిన జాడ కలిపి ఒక్క తాబేలే. కొత్తవాళ్లు రెండని రాసేది ఇక్కడే. కొలిచేదాకా జాడ తొక్కొద్దు. గుడ్లు లేకుండా తిరిగిపోయిన జాడనూ రాయాలి.

గుడ్లు పెట్టిన గుంట కోసం ఇసుకలో పుల్లతో పొడవొద్దు. దాదాపు 45 సెంటీమీటర్ల లోతులో వందకు పైగా గుడ్లుంటాయి, ఒక్కటి పగిలినా చీమలు, కుక్కలు వస్తాయి. పెట్టిన కొన్ని గంటలకే పిండం పెంకుకు అతుక్కుంటుంది, ఆ తర్వాత గుడ్డు దొర్లితే పిల్ల చచ్చిపోతుంది. పైగా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ గుడ్లను తాకకూడదు.

2025 జనవరిలో ఈ తీరానికి వందలకొద్దీ చచ్చిన తాబేళ్లు కొట్టుకొచ్చాయి. అలాంటివి కనబడితే గ్లవ్స్ వేసుకుని డిప్ప పొడవు కొలవండి. తోక డిప్ప దాటి బాగా బయటికుంటే మగది. వల తాళ్లు, కోతలు ఉంటే ఫొటో తీయండి. చివరగా పెయింటు గుర్తు వేయాలి, లేకుంటే రేపు వచ్చేవాళ్లు మళ్లీ లెక్కపెడతారు.

ఏమీ కనబడని రాత్రి కూడా సున్నా అని, మొదలుపెట్టిన, ముగించిన వేళలతో రాయండి. అది లేకపోతే తాబేళ్లు తగ్గాయో, నడకే తగ్గిందో తేల్చలేం.

ఒంటరిగా నడవొద్దు, పోటు వేళ చూసుకోండి. పడవల తాళ్లు, గాజుపెంకులు ఉంటాయి గనుక చెప్పులు తప్పనిసరి. పడవల దగ్గరున్న జాలర్లను ‘అన్నా’ అని పలకరించి అడగండి, ఏ వేళ ఎక్కడ తాబేలు ఎక్కిందో వాళ్లకే ముందు తెలుస్తుంది.

గుంట ఉన్న చోటు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు, గుడ్లు ఎత్తుకెళ్లేవాళ్లకు అదే దారి చూపిస్తుంది. నోటుపుస్తకం పేజీ ఫొటో తీసి నడక పెద్దకు మాత్రమే పంపండి.