వానాకాలానికి ముందు సంపు మూత చూసుకోండి

సెప్టెంబరు వస్తే చాలు, చెన్నై వేళచ్చేరిలో కింది పోర్షన్లలో ఉండే మనవాళ్ళు "ఈసారి వానలు ఎక్కువా, తక్కువా?" అని అడుగుతుంటారు. అడగాల్సింది అది కాదు. ఒక్క రోజులో ఎంత పడుతుందన్నదే మన గుమ్మాన్ని ముంచేది.

వాతావరణం ఎలా మారుతుందో కంప్యూటర్లో లెక్కగట్టే క్లైమేట్ మోడల్ భూమిని గళ్ళుగా కోస్తుంది. గడి వంద కిలోమీటర్లుంటే చెన్నై అంతా అందులో ఇమిడిపోతుంది, మీ వీధి దానికి కనబడదు. శాస్త్రవేత్తలు మోడల్‌ను రెండు రకాలుగా నడిపి చూస్తారు. సముద్రపు వేడిని అలాగే ఉంచి కార్బన్ డయాక్సైడ్ మాత్రం పెంచితే, నేల ముందుగా వేడెక్కి సముద్రపు గాలిని లాక్కుంటుంది. సముద్రాన్ని మాత్రమే వేడిచేస్తే ఆవిరి పెరుగుతుంది, గాలుల తిరుగుడు మాత్రం మందగిస్తుంది. ఈ రెండింటి లాగుడులో ఏ ప్రాంతానికి మొత్తం ఎంత వానో మోడళ్ళు ఒక్క మాట మీద ఉండవు. ఒక్కదాంట్లో పేచీ లేదు: డిగ్రీ వేడి పెరిగితే గాలి దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకోగలదు. కురిసిన రోజు కుమ్మేస్తుంది.

ఊళ్ళో ఎల్‌నినో అంటే, అంటే పసిఫిక్ సముద్రం మామూలు కంటే వేడెక్కితే, కరువు భయం. ఇక్కడ చెన్నైలో ఈశాన్య రుతుపవనాలకు తరచు అదే వాన తెస్తుంది. 2015 ఎల్‌నినో ఏడే, డిసెంబరు మొదట్లో చెన్నై శివారు తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్లు పడింది. 2023 కూడా అంతే. మిచాంగ్ తుపాను మన బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, అంతకుముందే చెన్నైని ముంచేసింది.

అప్పుడు మా సంపు మూత సరిగా కూర్చోలేదు. రెండో రోజు కుళాయి తిప్పితే టీ రంగు నీళ్ళు! అందుకే చెబుతున్నా, మూత చుట్టూ సందులు ఇప్పుడే సిమెంటుతో పూడ్పించండి. తుపాను హెచ్చరిక రాగానే ట్యాంకు నింపి, మోటారు స్విచ్ ఆపేయండి. ఇన్వర్టర్ బ్యాటరీని స్టూలు మీద పెడితే చాలదు, ఛాతీ ఎత్తులో అరమీద ఉండాలి. ఆ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. నీళ్ళు గుమ్మం దాకా వస్తున్నాయనిపిస్తే, ఇంకా పొడిగా ఉండగానే మెయిన్ దించేయండి. మందులు వారానికి సరిపడా, పాలపొడి ఒక ప్యాకెట్. కార్పొరేషన్ నంబరు 1913 గోడ మీద రాసిపెట్టుకోండి, ఫోన్ చచ్చిపోతే పక్కింటి ఫోన్‌లోనైనా కొట్టొచ్చు.

మునిగిన కారును ఎట్టి పరిస్థితిలోనూ స్టార్ట్ చేయొద్దు, ఇంజిన్‌లోకి నీళ్ళు లాగితే బిల్లు చూసి ఏడుపే. కారును వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద పెట్టి వద్దామనుకుంటే తెల్లారేదాకా ఆగకండి. హెచ్చరిక వచ్చిన సాయంత్రమే అక్కడ వరస కట్టేస్తారు.